ఎప్‌కాట్ ఫుడ్ ఫెస్టివల్: మా మామయ్యగారి లైను లెక్క

శనివారం సాయంత్రం అయితే వద్దు. మంగళవారమో బుధవారమో పొద్దున పదకొండింటికి అక్కడుండగలిగితే మాత్రం తప్పకుండా వెళ్లండి. మొత్తం చదివే ఓపిక లేనివాళ్లకి ఇది చాలు. ఓపిక ఉన్నవాళ్లు హాయిగా కుర్చీలో కూర్చుని చదవండి, అక్కడికెళ్తే కుర్చీ దొరకదు.

మేం ఉండేది ఫ్లోరిడాలోని టాంపాలో. ఓర్లాండో పక్కన డిస్నీ వరల్డ్‌లో ఉన్న నాలుగు పార్కుల్లో ఎప్‌కాట్ ఒకటి, 1982లో తెరిచారు. ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్ 1990ల మధ్య నుంచీ జరుగుతోంది. ఈమధ్య ఏళ్లలో ఆగస్టు చివర మొదలై నవంబరు మూడో నాలుగో వారం దాకా సాగుతోంది. పార్కు టికెట్టు ఉంటే పండగకి వేరే టికెట్టు అక్కర్లేదు. ఆ పార్కు టికెట్టే తేదీని బట్టి వంద డాలర్లు దాటిపోతుంది, అది వేరే బాధ. తినేదానికీ తాగేదానికీ ఎక్కడికక్కడ కట్టుకోవాలి. మధ్యలో పెద్ద చెరువు, దాని ఒడ్డున వరసగా మెక్సికో, నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్స్, బ్రిటన్, కెనడా. 11 దేశాల పేటలు. ఒక చుట్టు తిరిగితే దాదాపు 2 కిలోమీటర్లు. ఆ దారి వెంటా, పార్కు ముందు భాగంలోనూ కలిపి 30కి పైగా చిన్న చిన్న స్టాళ్లు పెడతారు.

ఈ ఏడు ఒంగోలు నుంచి మా అత్తయ్య, మామయ్యగారు వచ్చారు. మామయ్యగారు ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. సంక్రాంతి ముందు బస్టాండులో జనాన్ని సర్దిన మనిషి. అందరూ మెనూ బోర్డులు చూస్తుంటే ఈయన లైన్లు చూశారు. మేం తిన్నవాటికన్నా ఆయన చెప్పినవే నాకు బాగా గుర్తున్నాయి కాబట్టి ఈ రివ్యూలో సగం ఆయనదే.

స్టాలు ఎలా నడుస్తుందో ముందు చెప్పాలి. ఒక కిటికీ దగ్గర డబ్బు కట్టి రసీదు తీసుకుంటారు. పక్క కిటికీలో ఆ రసీదు చూపించి ప్లేటు తీసుకుంటారు. వంటలు ముందే దాదాపు తయారుగా ఉంటాయి, మూడో నాలుగో రకాలే ఉంటాయి కాబట్టి రెండో కిటికీ దగ్గర పెద్దగా ఆలస్యం ఉండదు. ఆగేదంతా మొదటి కిటికీ దగ్గరే. వరసలో ఉన్నంతసేపూ ఫోను చూసుకుని, సరిగ్గా కిటికీ ముందుకొచ్చాక మెనూ చదవడం మొదలుపెట్టేవాళ్లుంటారు. ఇందులో నట్స్ ఉన్నాయా, అందులో ఏ వైనిస్తారు అని అడిగేవాళ్లుంటారు. ఆరుగురు స్నేహితులు కలిసొచ్చి ఆరు కార్డులతో విడివిడిగా కట్టేవాళ్లుంటారు.

మామయ్యగారు ఇదంతా కాసేపు పక్కన నిలబడి చూసి, "అమ్మాయ్, తలకాయలు లెక్కపెట్టబాక, పర్సులు లెక్కపెట్టు" అన్నారు. అంటే, ముప్పైమంది ఉన్న లైను కూడా ఆరేడు కుటుంబాలదైతే గబగబా కదులుతుంది. పదిహేనుమందే ఉన్నా ఎవరికి వారే కట్టుకునే కుర్రాళ్లయితే అది కదలదు. పిల్లల తోపుడు బండ్లు ఎక్కువున్న లైను మంచిది, ఒకే రంగు టీషర్టులు వేసుకున్న గుంపున్న లైను చెడ్డది. మేం ఆయన మాట మీదే లైన్లు ఎంచుకున్నాం, తేడా బాగానే తెలిసింది.

ఆ ఒకే రంగు టీషర్టుల సంగతి: 11 దేశాల్లోనూ దేశానికో గ్లాసు తాగుతూ చెరువు చుట్టి రావడం అక్కడో పెద్ద సరదా. అందుకోసమే టీషర్టులు కుట్టించుకుని మరీ వస్తారు. మెక్సికో దగ్గర బుద్ధిగా మొదలైనవాళ్లు జపాన్ చేరేసరికి పాటలందుకుంటారు. గొడవేమీ చెయ్యరు, నవ్వుతూ పలకరిస్తారు కూడా. కానీ వాళ్ల వెనక ప్లేటు కోసం నిలబడ్డామా, ఇక అంతే.

ఇప్పుడు శనివారం సాయంత్రం ఎలా ఉంటుందో చెప్తాను. ఏడాది పాసులున్న ఓర్లాండో, టాంపా జనానికి ఇది వీకెండ్ షికారు. పిల్లల్ని బామ్మల దగ్గర వదిలి నాలుగింటికి బయల్దేరి వస్తారు. అమెరికా పేట ఎదురుగా ఉన్న ఆరుబయలు థియేటర్లో రాత్రి పూట బ్యాండు కచేరీలుంటాయి, ఒక ఆటకీ ఇంకో ఆటకీ మధ్య జనం అంతా ఒక్కసారే దారిమీదకొస్తారు. తర్వాత బాణసంచా కోసం చెరువు చుట్టూ రెయిలింగు పట్టుకుని గంట ముందునుంచే కదలకుండా నిలబడతారు. ఇటు స్టాలు లైను, అటు రెయిలింగు జనం, మధ్యలో మిగిలిన సందులోంచే బండ్లు, బ్యాటరీ స్కూటర్లు, మనం. ఒక స్టాలు లైను తోక పక్క స్టాలు లైను తోకతో కలిసిపోతుంది. "ఇది దేనికి లైనండీ?" అని అడిగితే ముందువాళ్లు వాళ్ల ముందువాళ్లని అడిగి చెప్తారు. బాణసంచా మాత్రం బాగుంటుంది, దాన్నేమీ అనను.

అదే వారం మధ్యలో పొద్దున చూడండి. దేశాల పేటలు పదకొండింటికి తెరుస్తారు. పెద్ద గేటు నుంచి వచ్చినవాళ్లు చెరువు దాకా నడిచి, ఎడమకి తిరిగితే మెక్సికో, కుడికి తిరిగితే కెనడా. ఎదురుగా ఏది కనిపిస్తే అక్కడే ఆగిపోతారు. అందుకే మొదటి గంటలో ఆ రెండు కొసల దగ్గరే జనం. మధ్యలో ఉన్న ఇటలీ, అమెరికా, జపాన్ దగ్గర స్టాళ్లవాళ్లు మనకోసం ఎదురుచూస్తుంటారు. ఏమీ కొనకుండా నేరుగా అవతలి ఒడ్డుకి నడిచి, అక్కడినుంచి వెనక్కి తినుకుంటూ రావాలన్నది మామయ్యగారి ప్లాను. "చివరి స్టేజీలో ఎక్కితే సీటు దొరుకుద్ది" అన్నారు. ఫ్రాన్స్‌కీ బ్రిటన్‌కీ మధ్య ఇంకో చిన్న గేటుంది. కొన్ని డిస్నీ హోటళ్ల నుంచి స్కైలైనర్ అనే కేబుల్ కారెక్కి వచ్చేవాళ్లు అక్కడ దిగుతారు. మీరుండేది ఆ హోటళ్లలో అయితే ఇంత నడక కూడా ఉండదు.

ఇక తిండి. ఒక్కో ప్లేటు దాదాపు 5 నుంచి 10 డాలర్లు, ఒక్కోదాంట్లో నాలుగైదు ముద్దలు. కడుపు నింపుకోవడానికి కాదు, రుచి చూడ్డానికి. ఆకలితో వెళ్లారంటే డబ్బూ పోతుంది, కోపమూ వస్తుంది. చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను: ఆ పార్కులోకి మన తిండి తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలు, మద్యం మాత్రం కుదరవు. నేను పులిహోర, చపాతీలు ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టుకెళ్లాను. బ్యాగు చూసినవాళ్లు డబ్బా వంక చూసి వదిలేశారు. సోడాలు అమ్మే కౌంటరు రెస్టారెంట్లలో అడిగితే ఐసు నీళ్లు ఉచితంగా ఇస్తారు, నీళ్ల సీసాలు కొనకండి.

అత్తయ్య గుడ్డు కూడా తినరు. ఆవిడకి మెనూ బోర్డు మీద ఆకు గుర్తే దిక్కయింది. ఆ గుర్తున్నదాంట్లో మాంసం, గుడ్డు, పాలు, తేనె ఏవీ ఉండవు. గుర్తు లేకపోతే మాత్రం చూసి నమ్మకూడదు. ఉదాహరణకి కెనడా స్టాలు. ఈ పండగలో ఎప్పుడూ పేద్ద లైనుండేది అక్కడే. అక్కడి చెడ్డార్ చీజ్ సూపుకి ఎంత పేరో! పైకి పాలమీగడ రంగులో సాధువుగా కనిపిస్తుంది, లోపల బేకన్, అంటే పందిమాంసం ఉంటుంది. ఇంకో పేరున్న ప్లేటు పుట్టగొడుగులతో ఇచ్చే ఫిలే మిన్యాన్, అది గొడ్డుమాంసం. మన ఇళ్లలో చాలామంది ఈ రెండూ తినరు కాబట్టి ఆ లైను చూసి ఆశపడి నిలబడకండి. మావారు సూపు తిన్నారు, బాగుందన్నారు. కానీ ఆ సూపు కెనడా పేటలోనే ఉన్న లె సెల్లియే రెస్టారెంటులో పండగ లేనప్పుడు కూడా పెడతారు. రిజర్వేషన్ చేసుకుని కుర్చీలో కూర్చుని తాగొచ్చు. ఆ మాట చెప్తే మావారు, లైన్లో నిలబడి తిన్నదానికే రుచి అన్నారు. ఆయన వాళ్ల నాన్నగారి కొడుకనిపించుకోలేదు.

ఆ 11 పేటల్లో ఇండియా లేదుగానీ పండగలో ఇండియా స్టాలుంది, వెళ్లకుండా ఉంటామా? కొన్నేళ్లుగా అక్కడ పెడుతున్నది మద్రాస్ రెడ్ కర్రీ: కాల్చిన కాలీఫ్లవర్, చిన్న క్యారెట్లు, సెనగలు, బాస్మతి అన్నం. దానికి ఆకు గుర్తుంది. అత్తయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఎర్రగా ఉందిగానీ కారం ఎక్కడా తగల్లేదే" అన్నారు. నాకైతే కాలీఫ్లవర్ బాగా నచ్చింది, అంచులు మాడీ మాడకుండా కాల్చారు. పక్కన నిలబడ్డ ఒకాయన అదే తిని చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. కాబట్టి తప్పు వంటవాళ్లది కాదు, మనది ఒంగోలు నాలుక. సొంత తిండి కోసం అక్కడ లైను కట్టడం దండగని మాత్రం నా అభిప్రాయం. మనం ఇంట్లో చేసుకోలేనిది తినడానికే కదా అంత దూరం వెళ్లింది. ఫ్రాన్స్ పేట లోపల ఉన్న బేకరీ నా ఓటు. అది పండగ స్టాలు కాదు, ఏడాది పొడవునా ఉంటుంది, లోపల ఏసీ.

మావాడికి తొమ్మిదేళ్లు. వాడికి తిండితో పని లేదు, పండగ పాస్‌పోర్టు అని ఉచితంగా ఇచ్చే చిన్న పుస్తకంతోనే పని. చీజ్ వంటలున్న స్టాళ్లలో ఐదు చోట్ల కొని ముద్రలు వేయించుకుంటే చివర్లో ఒక తినుబండారం ఇస్తారు. పిల్లల్ని లైన్లో నిలబెట్టడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు, మన జేబుకి ఇంతకన్నా చెడ్డ ఉపాయమూ లేదు.

ప్లేటు చేతికొచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. నిలబడి తినే ఎత్తు బల్లలు అక్కడక్కడా ఉంటాయి, శనివారం అవి ఖాళీగా ఉండవు. జనం ఏం చేస్తారో తెలుసా? చెత్తడబ్బాల మూత మీద ప్లేట్లు పెట్టుకుని తింటారు. మంచి బట్టలేసుకుని, చేతిలో వైను గ్లాసు పట్టుకుని, డబ్బా చుట్టూ నలుగురు. అత్తయ్య అది చూసి ఒక పూటంతా తేరుకోలేదు. "ఏందమ్మాయ్, అంత డబ్బు పోసి వచ్చి ఇక్కడా!" అన్నారు. డబ్బాలు శుభ్రంగానే తుడుస్తుంటారని నేను సర్దిచెప్పబోయాను, వినలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా సలహా: అమెరికా పేటలో లోపల అరగంటసేపు నడిచే షో ఉంటుంది, పెద్ద హాలు, మెత్తటి సీట్లు, చల్లగా ఉంటుంది. షో నచ్చాలని లేదు. అత్తయ్య ఆసాంతం నిద్రపోయి ఉత్సాహంగా లేచారు. మెక్సికో పేట కూడా పిరమిడ్ లోపలే కాబట్టి ఎండ తగలదు.

ఫ్లోరిడాలో సెప్టెంబరు ఎండ గురించి తెలుగువాళ్లకి నేను చెప్పేదేముంది. మధ్యాహ్నం మూడూ నాలుగింటికి ఉరుములతో వాన పడుతుంది, అదీ తెలిసిందే. తెలియాల్సింది ఏంటంటే, వాన మొదలవగానే సగం జనం గేటు వైపు పరుగెత్తుతారు. మీ దగ్గర ఒక చవక రెయిన్‌కోటు ఉండి, కాసేపు ఏదో ఒక షాపులో తలదాచుకోగలిగితే, వాన వెలిసిన వెంటనే లైన్లు ఖాళీ. మెరుపులుంటే మాత్రం ఆరుబయట తిరగొద్దు.

ఈ పండగ ఏర్పాట్లలో నాకు నచ్చనిది ఒకటే, అది కూడా మామయ్యగారే పట్టుకున్నారు. ఏ స్టాలుకి ఆ స్టాలు దగ్గరే డబ్బు కట్టాలి. నాలుగు చోట్ల తినాలంటే నాలుగు లైన్లు. కాలిఫోర్నియా డిస్నీలో ప్రతి వసంతంలో జరిగే ఇలాంటి పండగలో అలా కాదు. అక్కడ ఏదో ఒక స్టాలు దగ్గర, లైను తక్కువున్నచోట నిలబడి, మిగతా స్టాళ్ల ప్లేట్లకి కూడా అక్కడే కట్టేసి, రసీదులు పట్టుకుని నేరుగా తీసుకునే కిటికీలకి వెళ్లొచ్చు. ఇర్వైన్‌లో ఉండే మా ఆడపడుచు ఫోన్లో ఈ సంగతి చెప్పేసరికి మామయ్యగారు నిటారుగా కూర్చున్నారు. "అదీ పద్ధతంటే. ఒకే రిజర్వేషన్ కౌంటర్లో అన్ని ఊళ్లకీ టికెట్లు కొట్టాల గానీ, బస్సు బస్సుకీ ఒక కౌంటరు పెడితే ఒక బస్సు దగ్గర తొక్కిసలాట, ఇంకో బస్సు ఖాళీ" అన్నారు. ఎప్‌కాట్‌లో ఆ సౌకర్యం లేకపోతే లేకపోయింది, మనమే కొంత చేసుకోవచ్చు. ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకరు ప్లేటు తీసుకునే కిటికీ దగ్గర ఉండగానే ఇంకొకరు వెళ్లి పక్క స్టాలు లైన్లో నిలబడాలి. ఏం కావాలో ముందే అనుకుని, ఫోన్తో కట్టడానికి సిద్ధంగా ఉండాలి. మణికట్టుకి కట్టుకునే చిన్న గిఫ్టుకార్డులు కూడా అమ్ముతారు. అందులో ఎంత వేసుకుంటే అంతే ఖర్చు, లెక్క తప్పదు. నాలాగా తర్వాత బిల్లు చూసి ఉలిక్కిపడేవాళ్లకి పనికొస్తుంది.

మళ్లీ వెళ్తానా అంటే వెళ్తాను, సెలవు పెట్టుకుని, వారం మధ్యలో. మీరు దూరం నుంచి వచ్చేటట్లయితే తేదీలు చూసుకోండి. నవంబరు మొదటి వారం అటూ ఇటూగా టీచర్ల మహాసభ కోసం న్యూజెర్సీలో స్కూళ్లకి సెలవులిస్తారు, అక్కడి కుటుంబాలన్నీ ఆ వారం ఓర్లాండోలోనే ఉంటాయి. న్యూజెర్సీలో మన తెలుగువాళ్లు కూడా చాలామందే ఉన్నారు కాబట్టి తెలిసినవాళ్లు కనిపిస్తారనుకుంటే అది మీ ఇష్టం. సెప్టెంబరులో స్కూళ్లు తెరిచాక వచ్చే మంగళ, బుధవారాలు అన్నిటికన్నా నయం. పదిన్నరకల్లా గేటు దగ్గరుండండి, పులిహోర మర్చిపోకండి.