యాక్సిడెంట్ కాగితాలకు నాకైన ఖర్చు 3,305 రూపాయలు

మాది కావలి. ట్రంకు రోడ్డు వెనక సందులో బ్లౌజులు కుట్టే కొట్టు నాది. మా తమ్ముడు ఎల్లో బోర్డు డిజైర్ కారు కొనుక్కుని కిరాయికి తిప్పుకుంటాడు. పోయిన కార్తీకమాసంలో ఒంగోల్లో పార్టీని దింపి ఖాళీ బండితో వస్తున్నాడు. పక్క రోడ్డు నుంచి హైవే ఎక్కిన టిప్పర్ ఎడమవైపు గుద్దితే కారు పోయి డివైడర్‌కి కొట్టుకుంది. వాడికి కుడి కాలర్ బోన్ విరిగింది, మోకాలి చిప్ప పగిలింది. వాడు మంచం మీద ఉంటే ఇన్సూరెన్సుకి కావాల్సిన పోలీసు కాగితాల కోసం రెండు నెలలు తిరిగింది నేనే.

తిరిగిన ప్రతిసారీ అయిన ఖర్చు కొలతల పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. మొత్తం 3,305 రూపాయలు. అందులో ఎంత అవసరమైన ఖర్చో, ఎంత అనవసరంగా పోయిందో చెప్పడానికే ఈ రివ్యూ రాస్తున్నాను. ఏ స్టేషనో, ఏ ఏజెంటో పేర్లు రాయను. ఇలాంటి కష్టం వచ్చినవాళ్ళకి డబ్బులు మిగిలితే నాకు చాలు.

ముందు నెట్ సెంటర్ సంగతి. మూడో రోజు స్టేషన్‌కి పోతే, "కేసు కట్టాంలేమ్మా, రైటర్ లేడు, రేపు రా" అన్నారు. రైటర్ అంటే స్టేషన్లో కాగితాలు రాసే ఆయన. ఇన్సూరెన్స్ వాళ్ళేమో ఫోన్ మీద ఫోన్ చేసి యాక్సిడెంట్ రిపోర్ట్ పంపమంటున్నారు. టెన్షన్‌తో ఒక నెట్ సెంటర్‌కి పోయాను. అక్కడి అబ్బాయి "క్రైం నంబర్ ఉండాదా అక్కా?" అని అడిగాడు. క్రైం నంబర్ అంటే ఎఫ్ఐఆర్ నంబరే. అదృష్టం కొద్దీ స్టేషన్లో అడిగి చేతి మీద రాసుకొచ్చాను. ఐదు నిమిషాల్లో ఎఫ్ఐఆర్ తీసి ఇచ్చి 200 అడిగాడు, ఇచ్చేశాను.

ఆ కాగితం ఏపీ పోలీస్ సిటిజన్ పోర్టల్లో ఉచితంగా దొరుకుతుందని నాకు తర్వాత తెలిసింది. జిల్లా, స్టేషన్, ఎఫ్ఐఆర్ నంబర్, సంవత్సరం ఇస్తే ఎఫ్ఐఆర్ వస్తుంది. ఇది ఎవరో దయతలచి పెట్టింది కాదు. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లోగా పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆడపిల్లల మీద అఘాయిత్యాల వంటి సున్నితమైన కేసులకు మాత్రం మినహాయింపు ఉంది. మన యాక్సిడెంట్ కేసులు అందులోకి రావు. తర్వాత ఒకరోజు రాత్రి కొట్టు కట్టేశాక నా ఫోన్లోనే తీసి చూసుకున్నాను. అచ్చం అదే కాగితం. నెట్ సెంటర్ అబ్బాయి ప్రింటుకు ఇరవయ్యో ముప్పయ్యో తీసుకుంటే న్యాయం. పోర్టల్‌కి నేను ఐదుకి ఐదు మార్కులు వేస్తాను.

అయితే దాన్ని కారు రిపేరు షెడ్డులో చూపిస్తే, క్లెయిమ్ చూసే అబ్బాయి స్టేషన్ సీలు ఉండాలన్నాడు. మళ్ళీ బస్సెక్కి స్టేషన్‌కి పోయాను. ఈసారి రైటర్ ఉన్నాడు గానీ పేపర్ లేదన్నాడు. "ఏందమ్మా, కాపీలు ఊరికే వస్తాయా? ఒక బండిల్ ఏ4 తెచ్చివ్వు, తీసిస్తా." బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపులో 310 పెట్టి బండిల్ కొనుక్కొచ్చి ఇచ్చాను. సీలేసి నాలుగు పేజీలు ఇచ్చారు. నాలుగు పేజీలకు ఐదు వందల పేజీల బండిల్. నాకు ఆరోజు కోపం కంటే దిగులే ఎక్కువ వేసింది. మా తమ్ముడి మందులకే రోజూ వందలు పోతున్నాయి.

ఇక్కడ ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. పాత చట్టంలో అయితే ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకు ఉచితంగా ఇవ్వాలని మాత్రమే ఉండేది. ఇప్పుడు బాధితుడి పేరు కూడా చేర్చారు. మా కేసులో ఫిర్యాదు ఇచ్చింది మేం కాదు. దెబ్బలు తగిలిన మా తమ్ముణ్ణి 108 ఎక్కించిన ఆటో ఆయన. ఆయనెవరో మాకు తెలీదు, దేవుడిలా వచ్చాడు. పాత లెక్కలో అయితే "నువ్వు ఫిర్యాదుదారువి కాదు కదా" అనే వీలు ఉండేది. ఇప్పుడు బాధితుడనే హోదాలో మా తమ్ముడు రూపాయి లేకుండా తీసుకోవచ్చు. ఇది తెలిసి ఉంటే నేను బండిల్ కొనేదాన్ని కాదు.

ఇంటికొచ్చి కాపీ తమ్ముడికి చూపిస్తే వాడు ఒక్క నిమిషంలో తప్పు పట్టాడు. "అక్కా, బండి నంబర్ తప్పుబడింది చూడు." చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి. నేను కుట్టు కొలతలు అంగుళం తేడా రాకుండా రాస్తాను గానీ, వాడి బండి నంబర్ చూసుకోవాలని తోచలేదు. నంబర్ తేడా ఉంటే క్లెయిమ్ ఆగిపోతుంది. కాబట్టి కాపీ చేతికి రాగానే అక్కడే నిలబడి రెండు బండ్ల నంబర్లు, పేరు, వయసు, తేదీ, టైము, జాగా చదువుకోండి. తప్పుంటే అప్పుడే అర్జీ రాసివ్వండి. ఒకసారి కట్టిన ఎఫ్ఐఆర్‌ని వాళ్ళు కొట్టేసి తిరగరాయరు, సవరణ కోసం కోర్టుకి మెమో పెడతారు. మాకు దానికి మూడు వారాలు పట్టింది.

ఈ మూడు వారాల్లోనే ఏజెంట్ తగిలాడు. స్టేషన్ ఎదురుగా టీ కొట్లో కూర్చుని ఉంటాడు, చేతిలో ఎప్పుడూ ఫైళ్ళు. "అక్కా, నువ్వెందుకు తిరుగుతావు? ఫుల్ సెట్టు నేను తెప్పిస్తా. ఎఫ్ఐఆర్, పంచనామా, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు అన్నీ. మూడు వేలు." బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టంటే యాక్సిడెంట్ బండిని పరీక్ష చేసి రాసేది. బేరమాడితే సగం ముందు, సగం పని అయ్యాక అన్నాడు. 1,500 ఇచ్చాను. సంక్రాంతి బట్టలు నెత్తి మీద ఉన్నాయి, కొట్టు మూసి తిరిగే ఓపిక లేదు, అందుకే ఇచ్చాను. పది రోజుల తర్వాత ఒక కవరు తెచ్చిచ్చాడు. తెరిచి చూస్తే నేను 200కి కొన్న ఎఫ్ఐఆర్ ప్రింటే. పాత తప్పు నంబరుతో సహా. ఈ సేవకు సున్నా కంటే తక్కువ మార్కులు ఉంటే అవి వేస్తాను.

నా కళ్ళు తెరిపించింది మా కస్టమర్ ఒకామె భర్త. ఆయన నెల్లూరు కోర్టులో ఒక లాయర్ దగ్గర గుమాస్తా. బ్లౌజులు తీసుకోవడానికి వచ్చినప్పుడు నా కవరు చూసి అడిగాడు. చెప్పుకుంటే ఓపిగ్గా విన్నాడు. "తల్లీ, నువ్వు యాక్సిడెంట్ రిపోర్ట్ అని అడిగితే ఎవరికి ఏది తోస్తే అది ఇస్తారు. కాగితం పేరు చెప్పి అడుగు" అన్నాడు.

యాక్సిడెంట్ రిపోర్ట్ అంటే ఎఫ్ఐఆరే అని నేను అనుకుంటూ వచ్చాను. కాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన మోటారు వాహనాల నిబంధనల్లో దానికి వేరే ఫారాలున్నాయి. కేసు చూసే పోలీసు అధికారి 48 గంటల్లో ఫస్ట్ యాక్సిడెంట్ రిపోర్ట్ రాసి క్లెయిముల ట్రిబ్యునల్‌కి (యాక్సిడెంట్ నష్టపరిహారం తేల్చే కోర్టు), ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాలి. అది ఫారం 1. దాని కాపీ బాధితుడికి కూడా ఇవ్వాలి. తర్వాత 50 రోజుల్లో మధ్యంతర రిపోర్టు ఫారం 5, 90 రోజుల్లో పూర్తి వివరాల రిపోర్టు ఫారం 7. బాధితుడికి ఉన్న హక్కులేమిటో చెప్పే కాగితం కూడా ఒకటి ఉంది, ఫారం 2. అది పోలీసులే మన చేతికి ఇవ్వాలి. మా ఇంటికి ఎవరూ తెచ్చివ్వలేదు. తమ్ముడు పేషెంటు, మేం ఏమీ తెలియనివాళ్ళం, ఆ రోజుల్లో ఆ ఒక్క కాగితం చేతికొచ్చి ఉంటే ఇంత తిరుగుడు ఉండేది కాదని నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఇదంతా ఎందుకంటే, కారు రిపేరు క్లెయిము వేరు, మనిషికి తగిలిన దెబ్బలకు నష్టపరిహారం వేరు. మొదటిది మన ఇన్సూరెన్స్ ఇస్తుంది. రెండోది ఆ టిప్పర్ ఇన్సూరెన్స్ మీద ట్రిబ్యునల్లో వేసుకోవాలి. చట్టంలో దానికి ఆరు నెలల గడువు పెట్టారు. యాక్సిడెంట్ జరిగిన ఊర్లోనే వేయాలని లేదు, మనం ఉండే చోట కూడా వేసుకోవచ్చు. మాకు ఇవన్నీ తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి.

గుమాస్తా ఆయన చెప్పినట్టు తెల్ల కాగితం మీద అర్జీ రాశాను. క్రైం నంబర్, తేదీ, బాధితుడి పేరు రాసి, కావాల్సినవి మూడు: సవరించిన ఎఫ్ఐఆర్ వివరం, ఫారం 1, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు. కింద మా తమ్ముడి సంతకం ఎడమ చేత్తో పెట్టించాను. అదే అర్జీ ఇంకో కాపీ తీసుకుని, దాని మీద అందినట్టు సంతకం, తేదీ అడిగాను. ఆ రోజు ఎస్సై గారు స్టేషన్లోనే ఉన్నారు. ఆయన చదివి, రైటర్ని పిలిచి, "ఈమెకి ఫారం 1 ఇవ్వలేదా ఇంతవరకు?" అని అడిగారు. నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, గంటలో ఇప్పించారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు మరుసటి వారం వచ్చింది. రూపాయి అడగలేదు. అదే బిల్డింగులో బండిల్ కొనిపించినవాళ్ళూ ఉన్నారు, ఈయనా ఉన్నారు. అందుకే స్టేషన్ సేవకు ఐదుకి రెండున్నర వేస్తున్నాను, ఆ సగం మార్కు ఎస్సై గారిది.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటే ఆర్టీవో ఆఫీసు మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టరే. ఆయన వచ్చి బ్రేకులు, స్టీరింగు చూసి, యాక్సిడెంట్ బండి లోపం వల్ల జరిగిందా కాదా అని రాసిస్తారు. ఆయన చూసేదాకా కారు స్టేషన్ ముందే ఎండలో పడి ఉంటుంది, షెడ్డుకి కదలనివ్వరు. మా తమ్ముడు మంచం మీద నుంచే రోజూ కారు గురించే అడిగేవాడు.

ఇక కోర్టు కాపీలు. ట్రిబ్యునల్లో కేసు వేయడానికి ఎఫ్ఐఆర్, ఆసుపత్రి వూండ్ సర్టిఫికెట్ (తగిలిన దెబ్బల వివరం), బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు కోర్టు సర్టిఫై చేసిన కాపీలు ఉంటే మంచిదని గుమాస్తా అన్న తనే అప్లికేషన్ వేసి తెప్పించాడు. స్టాంపులు, కాపీ ఖర్చు, ఆయన చేతి శ్రమ అన్నీ కలిపి 450 ఇచ్చాను. దీనికి నాకు బాధ లేదు. లెక్క రాసి చూపించాడు, చెప్పిన రోజుకి తెచ్చిచ్చాడు. లాయర్ని పెట్టుకునే స్తోమత లేనివాళ్ళు 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళు మాట్లాడతారు. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

నా పుస్తకంలో లెక్క ఇదీ: నెట్ సెంటర్ 200, బండిల్ 310, ఏజెంట్ 1,500, బస్సు చార్జీలు 760, ప్రింట్లు జిరాక్సులు 85, కోర్టు కాపీలు 450. మొదటి మూడు కలిపి 2,010, ఇది నేను కట్టాల్సిన అవసరమే లేనిది. బస్సు చార్జీల్లో సగమైనా మిగిలేవి, మొదటి రోజే అర్జీ రాసుకుని పోయి ఉంటే. కొట్టు మూసిన ఆరు రోజుల కూలి ఇందులో కలపలేదు.

కారు క్లెయిము పోయిన నెలలో వచ్చింది. షెడ్డు బిల్లులో కొంత మేమే కట్టుకున్నాం. తమ్ముడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, స్టీరింగు పట్టడానికి ఇంకా టైముందని డాక్టర్ గారన్నారు. నష్టపరిహారం కేసుకి నెల్లూరు ట్రిబ్యునల్లో నంబరు పడింది.

ఏజెంట్‌కి ఫోన్ చేసి నా 1,500 తిరిగి ఇవ్వమని అడిగాను. సోమవారం రమ్మన్నాడు. రెండు సోమవారాలు పోయాను, ఏజెంట్ రాలేదని టీ కొట్టాయన చెప్పాడు. వచ్చే సోమవారం మళ్ళీ పోతాను. ఈసారి ఏజెంట్‌కి డబ్బు పంపిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి పెట్టుకున్నాను.