ఎక్కాలకు ఏ ఆట మేలు? ఫోనా, అష్టాచెమ్మానా, చింతగింజలా, పత్తాలా?

ఎండాకాలం సెలవులకు దేవరకొండ దగ్గర మా అమ్మగారింటికి వెళ్ళాం. వాకిట్లో చింతపండు కొట్టి గింజ తీసే పని నడుస్తోంది. మా పిల్లలిద్దరూ ఓ మూలన ఫోన్ కోసం కొట్లాట. పెద్దది నాలుగో తరగతికి పోతుంది, ఎక్కాల్లో ఆరు దాటితే తడబాటే. చిన్నోడు రెండుకి పోతాడు, ఏడూ ఐదూ ఎంతరా అంటే ఇంకా వేళ్ళు మడుస్తాడు. నెల రోజులు నాలుగు రకాల ఆటలు మార్చి మార్చి ఆడించాను. నేను చూసుకున్నవి రెండే: పది నిమిషాల్లో పిల్లలు సొంతంగా ఎన్ని లెక్కలు చేశారు, మర్నాడు వాళ్ళంతట వాళ్ళే ఆడదామని అడిగారా లేదా.

అడగడం వరకే చూస్తే ఫోన్‌దే గెలుపు. లెక్కల యాప్‌లో పది నిమిషాలకు యాభై ప్రశ్నలు గిర్రున తిరుగుతాయి. పక్కన కూర్చుని చూశాక గానీ అసలు సంగతి తెలియలేదు. ఏడెనిమిదులు ఎంత అని అడిగి కింద నాలుగు జవాబులు ఇస్తుంది: 15, 56, 78, 100. మిగతావి చూస్తేనే కాదని తెలిసిపోతుంది, పెద్దది 56 నొక్కేసింది, నాణేలు గలగలమన్నాయి. రాత్రి అన్నం తినేటప్పుడు అదే అడిగితే నోట్లో ముద్ద పెట్టుకుని నా మొహం చూసింది. టైమర్ ఉన్న ఆటలైతే చిన్నోడికి మరీ టెన్షన్, ఏదో ఒకటి నొక్కుతాడు. వచ్చిన ఎక్కాలను మళ్ళీ ఓసారి తిరగేయడానికి ఫోన్ పనికొస్తుందేమో. రానివాటిని నేర్పదు.

అష్టాచెమ్మా మీద నాకు ప్రేమ ఎక్కువ, అందుకే కాస్త కఠినంగానే చూడాలి. చాక్‌పీసుతో బండ మీద ఐదు అడ్డం, ఐదు నిలువు గడులు గీశాం. గవ్వలు లేవు కాబట్టి నాలుగు చింతగింజలను ఒక వైపు తెల్లబడేదాకా బండకు అరగదీశాం. తెల్లవి ఎన్ని పైకి పడితే అంత. నాలుగూ తెల్లవైతే చెమ్మా, ఒక్కటీ కాకపోతే అష్టా, అంటే ఎనిమిది. చిక్కంతా ఇక్కడే. పడే అంకెలు 1, 2, 3, 4, 8 మాత్రమే. కూడే పని తక్కువ, వంతు కోసం ఎదురుచూసే పని ఎక్కువ. నలుగురం కూర్చుంటే పది నిమిషాల్లో చిన్నోడికి ఏడెనిమిది వంతులకు మించి రాలేదు. కానీ మా అమ్మ ఆడుతుంటే చూడాలి. గింజలు ఎగరేయకముందే "మూడు పడితే నీ కాయ సస్తది బిడ్డా" అంటుంది. బయటి వరుసలో గడులు 16, ఎవరి కాయకు ఎవరిది ఎంత దూరంలో ఉందో ఆమెకు చూపులోనే తెలుస్తుంది. నాలుగు రోజుల తర్వాత పెద్దది కూడా దూరాలు చూసుకుని కాయ జరపడం మొదలుపెట్టింది. అది తీసివేతే, కాకపోతే దాని పేరు ఎవరూ చెప్పలేదు. ఇంటిల్లిపాదీ కూర్చునే ఆట ఇదొక్కటే, సాయంత్రాలకు ఉంచుకోవచ్చు. ఎక్కాలకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

వైకుంఠపాళి ఇంకా చిన్నపిల్లలకు, బడికి పోకముందు వయసుకు బాగుంటుంది. వరుసగా అంకెలున్న గడుల ఆట ఆడిన ఆ వయసు పిల్లలకు అంకెల పట్టు పెరిగిందని గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. ఒక్కటే జాగ్రత్త: 23లో ఉండి మూడు పడితే "ఒకటి, రెండు, మూడు" అననీయకండి, "24, 25, 26" అనిపించండి.

చిన్నోడికి బాగా అచ్చొచ్చింది పిడికిలి ఆట. పది చింతగింజలు, పైసా ఖర్చు లేదు. కొన్ని పిడికిట్లో దాచి మిగతావి చాప మీద పోస్తాను. చాప మీద ఆరుంటే పిడికిట్లో ఎన్ని? మొదటి రోజు వేళ్ళు, మూడో రోజు పెదాలు, వారం తిరిగేసరికి జవాబు. వాడు దాచి నన్ను అడిగేటప్పుడు ఇంకా మేలు, నా జవాబు తప్పో ఒప్పో వాడికి ముందే తెలిసుండాలి కదా. నేను కావాలని తప్పు చెబితే ఎగిరి గంతేస్తాడు. పది గింజల్లో జంకు పోయాక 12, ఆ తర్వాత 15 చేశాం. వాడు "సెవెన్" అంటాడు, మా అమ్మ "ఏడా?" అంటుంది, రెండు భాషల్లోనూ అంకెలు వస్తున్నాయి. పది నిమిషాల్లో ముప్ఫైకి తగ్గవు.

ఇక పెద్దదాని ఎక్కాలు. పదో ఎక్కం దాకా రాస్తే వంద గుణకారాలు. మూడు ఏడులూ ఏడు మూళ్ళూ ఒకటేనని తెలిస్తే మిగిలేవి 55. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు ఎవరికైనా వస్తాయి, వాటిని తీసేస్తే 21. వంద అనుకున్నది 21 అనేసరికి దాని మొహం వెలిగింది, కాగితం మీద రాసుకుని వచ్చినవి కొట్టేయడం మొదలుపెట్టింది.

ఆ 21కి పత్తాలను మించింది లేదు. రాజు, రాణి, జాకీలను పక్కన పెట్టి, ఆసును ఒకటి అనుకుంటే 40 ముక్కలు. ఇద్దరికీ చెరి సగం. ఒక్కొక్కరు రెండు ముక్కలు తిప్పి, హెచ్చించి, పైకి చెప్పాలి. ఎవరిది పెద్దదైతే నాలుగు ముక్కలూ వాళ్ళవే. ఎవరు ముందు చెబుతారనే పోటీ పెట్టకండి, నేను పెట్టి చెడ్డాను. పెద్దవాళ్ళే గెలుస్తారు, పిల్లలు ముక్కలు విసిరేస్తారు. రెండు రోజులయ్యాక 1, 2, 5, 10 ముక్కలు కూడా తీసేశాం. మిగిలినవి 24, అన్నీ గట్టివే. ఆరు తిప్పుల్లో కట్ట అయిపోతుంది, దాని నోటి నుంచి ఆరు, నా నోటి నుంచి ఆరు. నావి సరిచూసే పని కూడా దానిదే.

ఆరెనిమిదులు మాత్రం పత్తాలకూ లొంగలేదు. మా వాళ్ళ బత్తాయి తోటలో ఓ మూలన ఎనిమిదేసి చెట్ల సాళ్ళు ఆరున్నాయి, పొద్దున్నే తీసుకెళ్ళి నడిపించాను. 48 అప్పటి నుంచి మరిచిపోలేదు. అన్నిటికీ అట్లా తోట దొరకదనుకోండి.

పత్తాలతో వచ్చే తంటా ఇంకొకటుంది. "ఇంట్ల పోరలతోని పత్తాలాడుడేందే, ఎవలన్న సూస్తే ఏమంటరు?" అని మా అమ్మ గొడవ. పాత పెండ్లి కార్డులు కత్తిరించి, లోపలి తెల్ల వైపు స్కెచ్ పెన్నుతో అంకెలు రాసి, ఆమె నోరు మూయించాను. రెండో రోజుకల్లా పెద్దది వరసగా గెలుస్తుంటే అనుమానం వచ్చింది. వెనకాల వినాయకుడి తొండం ఉన్నది తొమ్మిదని, అరటిచెట్టు ఉన్నది మూడని చిన్నోడు కనిపెట్టి అక్కకు సైగ చేస్తున్నాడు. వెనక వైపు కాగితం అంటించే పని ఇప్పుడు వాడికే అప్పజెప్పాను.