మూడు రోజులు, ఐదు కోటలు: వేల్స్ కోటల పాస్ కొనొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, నేను ఖిల్లా వరంగల్ పక్కనే పుట్టి పెరిగినవాణ్ణి, శివనగర్‌లో ఇల్లు, ఆర్ అండ్ బిలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. కాబట్టి కోట అనగానే నా చూపు ముందు గోడ మీదకు, తర్వాత గోడలోని రాయి మీదకు, చివరికి ఆ రాయికి బిల్లు ఎవరు ఇచ్చారన్న దాని మీదకు పోతుంది. రాజులూ రాణుల కథలు కావాలనుకునేవాళ్ళు ఈ రివ్యూ సగంలోనే మూసేయొచ్చు, నేనేం అనుకోను.

మాంచెస్టర్‌లో ఉండే మా చిన్నమ్మాయి దగ్గరికి మే నెలలో వెళ్ళాం. "బాపూ, లండన్ పోదమా, వేల్స్ పోదమా?" అని అడిగితే, లండన్ ఎటూ అందరూ ఫొటోలు పెట్టిందే కదా అని వేల్స్ అన్నాను. చిన్న దేశమే గాని ఆరు వందలకు పైగా కోటలున్నాయి, కొన్ని నిలబడి ఉన్నాయి, కొన్ని పచ్చికలో దిబ్బలుగా మిగిలాయి. వాటిలో పేరున్న వాటిని చాలావరకు కాడూ అనే అక్కడి ప్రభుత్వ విభాగం చూసుకుంటుంది. వెల్ష్ భాషలో ఆ మాటకు కాపాడటం అని అర్థమట. వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ పాస్ మూడు రోజులది తీసుకున్నాం. ఒక్క కోట చూసి వచ్చేద్దాం అనుకునేవాళ్ళకు ఈ పాస్ దండగ, విడి టికెట్టే నయం. మేం నాలుగు పెద్ద కోటలు తిరిగాం కాబట్టి గిట్టుబాటయింది. ఐదోదానికి టికెట్టే లేదు, దాని సంగతి తర్వాత చెప్తా.

మొదట కాన్వీ. కారులో వెళ్తుంటే నది ఒడ్డున, రోడ్డు మలుపు తిరగ్గానే ఎనిమిది బురుజులూ ఒక్కసారిగా కనపడతాయి, మా ఆవిడ అయితే చేతిలో ఉన్న సకినం నోట్లో పెట్టుకోవడం మర్చిపోయింది. 1283లో పని మొదలుపెట్టి 1287కల్లా కోటనీ, ఊరి చుట్టూ గోడనీ దాదాపు పూర్తి చేశారు. దాదాపు పదిహేను వేల పౌండ్లు అయిందని లెక్కలున్నాయి, ఆ కాలంలో అది మామూలు డబ్బు కాదు. కట్టించింది ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్. పని చూసింది మాస్టర్ జేమ్స్ అనే పెద్ద మేస్త్రీ, ఆల్ప్స్ పర్వతాల దగ్గరి సవాయ్ నుంచి పిలిపించుకున్న మనిషి. ఇంగ్లండ్ నలుమూలల నుంచీ కూలీలను, రాళ్ళు చెక్కేవాళ్ళను తోలుకొచ్చారు. గోడ దగ్గరగా నిలబడి చూస్తే చిన్న చిన్న చదరపు బొక్కలు కనపడతాయి, చాలామంది అవి బాణాలు వేసే కంతలనుకుంటున్నారు, కాదు. పరంజా కట్టెలు దూర్చిన బొక్కలవి. మన మేస్త్రీలు కట్టే పరంజా అడ్డంగా వరుసలు వరుసలుగా లేస్తుంది, ఇక్కడ కొన్ని చోట్ల ఆ బొక్కలు బురుజు చుట్టూ ఏటవాలుగా తిరుగుతూ పైకి పోతాయి, అంటే బరువులు మోసుకుంటూ నడిచి ఎక్కడానికి వీలుగా ర్యాంపులాగా కట్టుకున్నారన్నమాట. సవాయ్‌లో వాళ్ళ పద్ధతి అదేనట. నేను ఆ బొక్కల కిందే అరగంట నిలబడ్డాను, మా అమ్మాయి రెండుసార్లు వచ్చి పిలిచిపోయింది.

ఇంకో సంగతి. మన వరంగల్ రాతికోట గోడలో గ్రానైట్ రాయిని రాయి మీద కూర్చోబెట్టారు, మధ్యలో సున్నం లేదు. కాన్వీలో అడ్డదిడ్డం రాళ్ళను సున్నంతో కట్టి, పైన మళ్ళీ సున్నం పూత పూశారు. కొత్తగా ఉన్నప్పుడు ఆ కోట తెల్లగా మెరిసేదన్నమాట! ఇప్పటికీ అక్కడక్కడా ఆ పూత మరకలు కనపడతాయి. బూడిద రంగు గోడను చూసి ఆహా ఎంత పాతగా ఉందో అని మురిసిపోతాం గాని, కట్టినవాడు చూస్తే, సున్నం వేయించకుండా ఏం చేస్తున్నారయ్యా అని తిడతాడేమో.

కోట కంటే నాకు ఊరి చుట్టూ ఉన్న గోడ ఎక్కువ నచ్చింది. ముప్పావు కిలోమీటరు ఉంటుందనుకున్నా, కాదు, ఒకటింబావు కిలోమీటరు చిల్లర, ఇరవై ఒక్క బురుజులు, చాలావరకు పైన నడవొచ్చు, డబ్బులు అడగరు. పైనుంచి ఇళ్ళ వెనక తోటలు, ఆరేసిన బట్టలు, రైలు పట్టాలు, పడవలు అన్నీ కనపడతాయి. ఒకచోట గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రాతి గూళ్ళు పన్నెండు వరుసగా ఉన్నాయి. ఏమిటని చూస్తే మరుగుదొడ్లు! రాజుగారి సిబ్బంది కోసం కట్టినవి. ఏడు వందల ఏళ్ళ కింద పన్నెండు ఒకేచోట కట్టారు, మన టూరిస్టు చోట్ల ఇప్పటికీ ఒక్కదానికి తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. కాన్వీ వెళ్ళేదాకా ఇవి వేల్స్ రాజులు కట్టుకున్న కోటలనే అనుకున్నా. కాదు. వాళ్ళను అణచడానికి, వాళ్ళ నేల మీద, పక్క దేశపు రాజు కట్టినవి. వేల్స్ ప్రిన్స్ లెవెలిన్ 1282 డిసెంబర్ 11న చనిపోయాడు, మరుసటి ఏడాదే కాన్వీ, కార్నార్వన్, హార్లెక్ మూడింటికీ పునాదులు పడ్డాయి. కాన్వీలో కోట కట్టిన చోట అంతకుముందు ఒక మఠం ఉండేది, లెవెలిన్ తాతను అందులోనే పూడ్చారు. ఆ సన్యాసులను మఠంతో సహా వేరే చోటికి పంపేసి కోట లేపారు. గోడ లోపలి ఊళ్ళో ఇంగ్లీషువాళ్ళను తెచ్చి స్థిరపెట్టారు. ఇది తెలిశాక మళ్ళీ గోడెక్కి చూస్తే, బాణాల కంతలు ఎటు చూస్తున్నాయో అర్థమైంది. మన దగ్గర కథ తిరగబడి ఉంటుంది: కోట మనవాళ్ళది, 1323లో వచ్చి పగలగొట్టినవాళ్ళు బయటివాళ్ళు. అక్కడ బయటివాడు కట్టిన కోటను, ఎవరి మీద కట్టాడో వాళ్ళ మనవళ్ళ మనవళ్ళే ఊడ్చి, గడ్డి కోసి, టికెట్టు అమ్ముతున్నారు, బోర్డు మీద వెల్ష్ భాష ముందు రాసి. నాకు అది భలే నచ్చింది.

కాన్వీలోనే ఇంకో ముచ్చట ఉంది. 1401లో గుడ్ ఫ్రైడే రోజు కోట కాపలావాళ్ళు చర్చికి పోతే, ఓవైన్ గ్లిండూర్ అనే నాయకుడి చుట్టాలు వడ్లోళ్ళ వేషంలో పని ఉందని లోపలికి దూరి కోటను పట్టుకున్నారట. పదిహేను వేల పౌండ్ల కోట, ఉలీ సుత్తీ పట్టుకుంటే తలుపు తెరుచుకుంది. సైట్‌లో పనోళ్ళ లెక్క రాసుకోకపోతే ఇంతే.

ఆ రాత్రి బస గురించి రెండు మాటలు, పేరు రాయను. కింది అంతస్తు గది కావాలని, మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులని నెల ముందే చెప్పి, సరేనని వాళ్ళతో మెయిల్ కూడా పెట్టించుకున్న ఆ గెస్ట్‌హౌస్ మూడో అంతస్తులో గది ఇచ్చింది. లిఫ్ట్ లేదు. పొద్దంతా కోట మెట్లు, రాత్రి వాళ్ళ మెట్లు. బుక్ చేసుకున్నాక వెళ్ళే ముందు రోజు ఫోన్ చేసి మళ్ళీ అడగండి, మెయిల్ నమ్ముకోకండి.

రెండో రోజు పొద్దున ఆంగ్లెసీ దీవిలో బ్యూమారిస్. నా ఓటు దీనికే. మొత్తం నాలుగింటిలో పొట్టిది, చదునైన చిత్తడి నేల మీద ఉంది, ఫొటోలో పెద్దగా కనపడదు, చాలామంది దీన్ని వదిలేస్తారు. కానీ డ్రాయింగ్ అంటే అదీ! గోడ లోపల గోడ, చుట్టూ నీళ్ళు, ఎటునుంచి చూసినా ఒకే కొలత. బయటి వాకిలికి ఎదురుగా లోపలి వాకిలి ఉండదు, కావాలనే పక్కకు జరిపి పెట్టారు, లోపలికొచ్చిన శత్రువు ఏటవాలుగా తిరగాల్సిందే, ఆ తిరిగే లోపు పైనుంచి బాణాలు. ఇది చూడగానే నేను పకపకా నవ్వాను. ఎందుకంటే మన ఖిల్లా వాకిళ్ళలో ఆటోవాడు హారన్ కొట్టుకుంటూ ఎందుకు వంకర తిరుగుతాడో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను గదా, అదే లెక్క. మనకూ మట్టికోట, దాని లోపల నలభై ఐదు బురుజుల రాతికోట, రెండింటికీ అగడ్తలు. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతిగోడను రుద్రమదేవి ఎత్తు పెంచిందంటారు. ఎడ్వర్డ్ రాజ్యం చేసింది 1272 నుంచి 1307 దాకా, రుద్రమ 1262 నుంచి 1289 దాకా. ఒకరి పేరు ఒకరికి తెలిసే వీలు లేదు. రెండు చోట్లా మేస్త్రీలకు మాత్రం ఒకటే ఉపాయం తట్టింది.

బ్యూమారిస్ పూర్తి కాలేదు. 1294లో వేల్స్‌వాళ్ళు మళ్ళీ తిరగబడ్డారు, అది అణచగానే 1295లో ఎడ్వర్డ్ ఈ కోట మొదలుపెట్టాడు. 1296లో మాస్టర్ జేమ్స్ ఖజానా వాళ్ళకు రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది: నాలుగు వందల మంది రాతిపనివాళ్ళు, రెండు వేల మంది కూలీలు, రెండు వందల మంది క్వారీ వాళ్ళు, ముప్పై పడవలు, ఇన్ని బండ్లు, వాళ్ళకు కూలి బాకీ ఉంది, డబ్బు పంపండి అని. నా సర్వీసులో ఇలాంటి ఉత్తరాలు నేనెన్ని రాశానో! ఆ తర్వాత ఎడ్వర్డ్ స్కాట్లండ్ యుద్ధంలో పడ్డాడు, డబ్బు అటు మళ్ళింది. బురుజులు అనుకున్న ఎత్తుకు ఎప్పటికీ రాలేదు. లోపల నిలబడి తలెత్తి చూస్తే ఎక్కడ ఫండ్స్ ఆగాయో గోడ మీదే కనపడుతుంది. టికెట్టు డబ్బులు ఈ ఒక్క చూపుకే సరిపోయాయి నాకు.

మధ్యాహ్నం కార్నార్వన్. అందరూ దీన్నే పెద్దది అంటారు, పెద్దదే. గోడల్లో రంగురంగుల రాయి పట్టీలు, పలకలు పలకలుగా ఉన్న బురుజులు, కాన్‌స్టాంటినోపుల్ గోడలను చూసి కట్టారని చాలామంది చరిత్రకారుల మాట. 1284లో ఎడ్వర్డ్ కొడుకు ఇక్కడే పుట్టాడు, 1969లో చార్లెస్‌కు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ వేడుకా ఇక్కడే జరిగింది. బస్సుల కొద్దీ జనం. నాకు ఊపిరాడలేదు, గంటలో బయటపడ్డాం, ఎదురుగా బంగాళాదుంపా, లీక్ అనే ఉల్లికాడల్లాంటి కూరా వేసిన సూప్ తాగాం. పచ్చిపులుసు లేని లోటు లోటే.

మూడో రోజు హార్లెక్. కొండ అంచున కూర్చున్న కోట, 1289 కల్లా పూర్తయింది, మన రుద్రమదేవి మరణం చెప్పే చందుపట్ల శాసనం కూడా ఆ ఏడాదిదే. ఒకప్పుడు సముద్రం కొండ పాదం దాకా ఉండేదట, కింది నుంచి నూట ఎనిమిది మెట్లున్న దారిలో పడవల్లో వచ్చిన సరుకు పైకి మోసేవాళ్ళు. ఇప్పుడు సముద్రం దూరం జరిగింది, మధ్యలో ఇసుక దిబ్బలు, ఇళ్ళు. ఇంత పెద్ద కోటకు కాపలా మామూలు రోజుల్లో ముప్పై ఆరు మందేనట! సముద్రం వైపు నుంచి తిండి వస్తున్నంతకాలం అంతమంది చాలు. 1404లో గ్లిండూర్ దీన్ని పట్టుకుని కుటుంబంతో సహా ఇక్కడే ఉన్నాడు, 1409లో మళ్ళీ ఇంగ్లీషువాళ్ళు తీసుకున్నారు. 1461 నుంచి 1468 దాకా ఇంకో ముట్టడి, ఏడేళ్ళు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ఒక మంచి మాట, టికెట్టు కౌంటర్ నుంచి కోట వాకిలి దాకా కొత్తగా ఒక వంతెన కట్టారు, లోపలి దాకా మెట్లు ఎక్కకుండా పోవచ్చు. బురుజుల మీదకు మాత్రం ఇక్కడా, మిగతా మూడింటిలోనూ చాలావరకు గుండ్రంగా తిరిగే ఇరుకు మెట్లే, అరిగిపోయి నున్నగా ఉంటాయి, వాన పడితే జారతాయి, చేతికి తాడో కమ్మీయో ఉంటుంది. పైన గాలి గొడుగును లాగేసుకుంటుంది, గొడుగు వద్దు, టోపీ ఉన్న రెయిన్‌కోటు కొనుక్కోండి. చెప్పులు అసలే వద్దు.

తిరుగు ప్రయాణంలో లాన్‌బెరిస్ దగ్గర ఆగాం. చెరువు పక్కన చిన్న గుట్ట ఎక్కితే డోల్‌బాదర్న్ కోట, ఒకే ఒక గుండ్రటి రాతి బురుజు, యాభై అడుగుల దాకా ఉంటుంది. గేటు లేదు, టికెట్టు లేదు, మా పాస్ జేబులోనే ఉండిపోయింది. ఇది మాత్రం వేల్స్ రాజులదే, లెవెలిన్ తాత కట్టించింది. ఎడ్వర్డ్ సైన్యం పట్టుకున్నాక 1284లో ఇందులోని కలప ఊడదీసి కార్నార్వన్ కోట పనికి తీసుకుపోయారట. ముందు రోజు గంటలో చూసి బయటపడ్డ ఆ కార్నార్వన్‌కే! ఆ మాట చదివి నేను మా అమ్మాయికి చెప్తే, "అంటే బాపూ, ఈ ఇంటి దూలాలతోటి ఆ ఇల్లు కట్టిండ్రా?" అంది. మా ఆవిడ గుట్ట సగం ఎక్కి రాయి మీద కూర్చుని, మిగిలిన సకినాలు తీసి, "మీరు చూసి రాండ్రి, నాకు ఇక్కడికెల్లే కనపడుతుంది" అంది. నిజంగానే కనపడుతుంది, వెనక కొండలు, చెరువు, అవతల పలక రాళ్ళ క్వారీ, మధ్యలో ఆ బురుజు. మేం ఉన్న ముప్పావు గంటలో ఒక కుక్కను తీసుకొచ్చిన ముసలాయన తప్ప ఎవరూ రాలేదు.

పాస్‌కు నాలుగు చుక్కలు. తగ్గించిన ఒక్క చుక్క మా ఆవిడ మోకాళ్ళ తరఫున.