బెజవాడ వెళ్ళేవాళ్ళు సత్రం రూముకి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టకండి, అలాగే అమ్మవారి క్యూ గురించి ఒక మాట

మొన్న శని, ఆదివారాలు ఒంగోలు నుంచి బెజవాడ వెళ్ళొచ్చాం. నేను, మా ఆయన, అత్తయ్య, తొమ్మిదో తరగతి చదివే మా వాడు. అత్తయ్య ఆర్నెల్ల నుంచి దుర్గమ్మని చూడాలి, చూడాలి అంటోంది. రైలు టైముకే వచ్చింది, సీట్లు దొరికాయి, దాని గురించి రాసేదేం లేదు.

రాయాల్సింది రూం గురించి. కొండకి దగ్గర్లో అత్తయ్యావాళ్ళు ఇరవై ఏళ్ళ కిందట దిగిన సత్రం ఒకటుంది, దాని పేరు కొట్టి వెతికితే పైనే ఒక సైట్ వచ్చింది, అమ్మవారి ఫొటో, కింద సత్రం గేటు ఫొటో, నిజంగా ఆ గేటే. వాట్సాప్ చేస్తే ముందు అమ్మవారికి జై కొట్టి తర్వాత రేట్లు పంపాడు. రెండు రూములకి 1,600 స్కాన్ చేసి కట్టాం. పది నిమిషాలాగి, వెళ్ళేటప్పుడు వెనక్కిస్తాం డిపాజిట్ 500 కట్టండి అన్నాడు, అదీ కట్టాం. అక్కడైనా నాకు అనుమానం రావాలి కదా, రాలేదు, రసీదు మీద అమ్మవారి బొమ్మ ఉంది మరి. నాకు కడుపు మండేది ఆ 2,100 గురించి కాదు, ఆ బొమ్మని అడ్డం పెట్టుకున్నందుకు. భక్తి ఉన్నవాళ్ళు ఎక్కడ మెత్తబడతారో వాడికి బాగా తెలుసు.

స్టేషన్ నుంచి ఆటోకి 120 ఇచ్చి సత్రానికి వెళ్తే అక్కడున్న పెద్దాయన రసీదు చూసి తల పట్టుకున్నాడు. "మాకు ఆన్‌లైన్ లేదమ్మా, ఈ రిజిస్టరే. ఈ నెల్లో ఇట్లా వచ్చింది మీరు నాలుగోవాళ్ళు" అన్నాడు. గేటుకి కాగితం కూడా అంటించారు ఆన్‌లైన్ బుకింగ్ లేదని, కానీ ఒంగోలులో కూర్చున్నవాళ్ళకి ఆ కాగితం ఎట్లా కనపడుద్ది? రూములన్నీ నిండిపోయాయి, అయినా ఆయన అత్తయ్యని ఫ్యాన్ కింద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించి స్నానాలకి బాత్రూం వాడుకోమన్నాడు, ఒక్క రూపాయి తీసుకోలేదు. మా ఆయన మాత్రం మాట్లాడలేదు. నా మీద అరిచినా బాగుండేది.

ఇట్లాంటివి జరిగితే వెంటనే 1930 కి ఫోన్ చేయండి, సైబర్ మోసాలకి అదే హెల్ప్‌లైన్, ఎంత తొందరగా చెప్తే డబ్బు వాళ్ళ ఖాతాలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. మేం కట్టి అప్పటికే తొమ్మిది రోజులు, కంప్లయింట్ నంబరైతే ఇచ్చారు, డబ్బు ఇంకా రాలేదు. చివరికి గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో దిగాం, ఫోన్‌లో 1,400 అని కౌంటర్ దగ్గర 1,900 తీసుకున్నారు, బకెట్‌కి పిడి లేదు, ఏసీ చప్పుడుకి అత్తయ్య రాత్రంతా కూర్చునే ఉంది.

ఇంత చెప్పాక టెక్నాలజీ అంతా పాడు అంటే అబద్ధం అవుద్ది. దర్శనం టికెట్లు 300 వి ముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నాం, దానికి ఏ ఇబ్బందీ లేదు, మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఎండలో కౌంటర్ దగ్గర నిలబెట్టే పని తప్పింది. కొండ మీద ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వరు, డిపాజిట్ చేసి టోకెన్ తీసుకోవాలి. మా వాడికి అక్కడే మూడ్ పోయింది. లైన్లో పది నిమిషాలకోసారి చెయ్యి జేబులోకి పోతోంది, ఖాళీ జేబు తడుముకుని మళ్ళీ తీసేస్తున్నాడు.

అత్తయ్య లలితా సహస్రనామం మొదలుపెట్టింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పప్పు రుబ్బుతూ వెయ్యి నామాలూ నోటికి చదివేది. ఐదారేళ్ళ కిందట మా ఆయనే యూట్యూబ్ పెట్టిచ్చాడు, అప్పట్నుంచీ ఫోన్ చదువుద్ది, ఈవిడ పెదాలు కలుపుద్ది. ఆ రోజు లైన్లో ఫోన్ లేదు. వందో రెండొందలో నామాలు అయ్యాక ఆగిపోయింది. మళ్ళీ వెనక్కెళ్ళి అందుకుంది, మళ్ళీ అక్కడే ఆగింది. నా వైపు చూసి "పోయిందమ్మాయ్, నా నోట్లోంచి పోయింది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకేం చెప్పాలో తెలీలేదు, నాకు ఎప్పుడూ రానే రాదు కాబట్టి.

కమ్మీకి అవతల లైన్లో ఒకావిడ, చేతిలో మూడేళ్ళ పిల్ల, ఆగిన చోటు నుంచి అందించింది. అత్తయ్య అందుకుంది. వెనక ఇద్దరు కలిశారు, ఇంకొకాయనకి సగమే వచ్చు, ఆ సగం ఆయనా చదివాడు. లైన్ మలుపు తిరిగేసరికి పది పన్నెండు గొంతులు. ఆవిడ ఊరూ పేరూ అడగనేలేదు, లైన్ కదిలి విడిపోయాం. అమ్మవారి ముందు నిలబడింది కొద్ది క్షణాలే, కానీ ఒక్కరి చెయ్యీ ఫోన్ పట్టుకుని పైకి లేవలేదు, అన్నీ దణ్ణం పెడుతూనే ఉన్నాయి. ఆ ముక్కుపుడక నాకు ఇప్పటికీ కళ్ళలోనే ఉంది. ఫొటో తీసి ఉంటే ఇంత గుర్తుండేదా అని నా అనుమానం.

ఆదివారం ఆటో మాట్లాడుకున్నాం, ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి, మంగళగిరి తిప్పి తీసుకురావడానికి 900. ఉండవల్లి గుహల్లో ఒకే రాతిలో మలిచిన అనంతశయనమూర్తి దగ్గర నిలబడి చూసే వీలే లేదు, రీల్స్ తీసేవాళ్ళు వంతులేసుకున్నారు, పాట పెట్టి ఆపి మళ్ళీ పెట్టి. నాలుగంతస్తులు కొండని తొలిచి పద్నాలుగు పదిహేను వందల ఏళ్ళ కిందట కట్టిన చోటు అది, పక్కన చతికిలబడి కాసేపు ఊరుకోవాలనిపిస్తుంది. కుదరలేదు. మీరు పొద్దున తెరవగానే వెళ్ళండి.

మంగళగిరి కొండ మీద పానకాల స్వామి దగ్గరికి మధ్యాహ్నంలోపే చేరండి, రాత్రిళ్ళు దేవతలు పూజిస్తారని నమ్మకం, అందుకని పెందలాడే మూసేస్తారు. స్వామి నోట్లో పానకం పోస్తే సగం తాగి సగం వదులుతాడంటారు, గుటక చప్పుడు వినపడుద్దని కూడా. మా వాడు ఈసారి ఫోన్ తనే తీసి నా బ్యాగ్‌లో వేసి వంగి చెవి పెట్టాడు. "వినపడిందమ్మా" అన్నాడు. నాకు వినపడలేదు, వాడి మొహం చూశాక నేనేం అనలేదు. కింద ఒక చీర కొన్నాను, 1,450, బేరం ఆడితే 1,300 కి ఇచ్చేవాడని మా ఆయన అన్నాడు, రెండు రోజుల్లో ఆయన సరిగ్గా మాట్లాడిన మొదటి మాట అదే.

తిరుగు రైల్లో అత్తయ్య కొండ కింద 60 రూపాయలకి కొన్న పెద్దక్షరాల పుస్తకం తీసింది. మనవడి చేతికిచ్చి "నేను చదువుతా, ఎక్కడ తప్పితే అక్కడ చెప్పు" అంది. వాడికి ఆ సంధులు సరిగ్గా నోరు తిరగట్లేదు, వేలు పెట్టి కూడబలుక్కుంటూ అందిస్తున్నాడు. చీరాల దాటేసరికి అత్తయ్య మూడు చోట్ల ఆగింది.