హన్మకొండలో ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్: హీట్ పంప్‌తో రెండు చలికాలాలు

మా ఇంటావిడకు రెండు మోకాళ్లూ అరిగాయి. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, రోజూ అరగంట గోరువెచ్చని నీళ్లలో నడవండి అన్నారు ఫిజియోథెరపీ డాక్టర్. బయటి పూల్‌కు వెళ్లడం, నిచ్చెన మెట్లు దిగడం, తడి బట్టలతో ఆటోలో రావడం ఆమె వల్ల కాలేదు. సింగరేణిలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత తీసి, ఇంటి వెనక ఖాళీ జాగాలో పూల్ కట్టించాను. రెండు చలికాలాలు వాడి చూశాకే రాస్తున్నాను. ఎక్కువగా నీళ్లు వేడి చేసే మెషిన్ గురించే రాస్తాను, తప్పులు జరిగేది అక్కడే.

ముందు కట్టుబడి. పొడవు 20 అడుగులు, వెడల్పు 10, నీళ్ల లోతు 4. మూడడుగులు తవ్వేసరికి బండ తగిలింది. "ఇగ గడ్డపార దిగది సారూ, బ్రేకర్ పెట్టాలె" అన్నాడు మేస్త్రి. హన్మకొండలో బండ తగలడం కొత్తేం కాదు. బండ కొట్టించకుండా గోడల్నే నేల మీద రెండడుగులు లేపించాను. ఇప్పుడు మా ఆవిడ గట్టు మీద కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకుని, కడ్డీ పట్టుకుని దిగుతుంది. మనవడి కోసం చుట్టూ జాలీ, తాళం వేసే గేటు పెట్టించాను.

టైల్స్ వేయకముందే నీళ్లు నింపి వారం రోజులు చూడండి. మట్టం తగ్గుతుంటే అది లీకా, ఎండకు ఆరుతోందా అన్న టెన్షన్ ఉంటుంది. ఒక బకెట్లో నీళ్లు పోసి పూల్ మెట్టు మీద పెట్టి, లోపలా బయటా మార్కర్‌తో గీత పెట్టాలి. మాకు బకెట్లో అర అంగుళం తగ్గితే పూల్‌లో రెండు అంగుళాలు తగ్గింది. లైటు డబ్బా పైపు దగ్గర కారుతోంది. టైల్స్ వేశాక తెలిసుంటే అన్నీ పగలగొట్టాల్సి వచ్చేది.

ఇక వేడి సంగతి. మా పూల్‌లో దాదాపు 22,500 లీటర్లు పడతాయి. అన్ని నీళ్లను ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 26 యూనిట్ల వేడి కావాలి (కరెంటు మీటర్‌లో లెక్కపెట్టే యూనిట్లే). జనవరి పొద్దున మా నీళ్లు 21 డిగ్రీలున్నాయి, మోకాళ్లకు కావాల్సింది 29. అంటే మొదటిసారికే 210 యూనిట్లు. కాంట్రాక్టర్ కరెంటు హీటర్ పెట్టమన్నాడు, "గీజర్ లాంటిదే సార్" అని. చవకే, కానీ ఆ 210 యూనిట్లూ మీటర్ మీదే పడతాయి. మా స్లాబులో యూనిట్ తొమ్మిదిన్నర. తర్వాత రోజూ చల్లబడేది వేరే. గ్యాస్ లెక్క కూడా వేశాను: 19 కిలోల సిలిండర్ ఒకటి దాదాపు ఆ ఎనిమిది డిగ్రీలకే అయిపోతుంది. సోలార్ పైపులు పెట్టాలంటే పూల్ విస్తీర్ణంలో సగమైనా డాబా మీద జాగా కావాలి, అక్కడ ఇప్పటికే కరెంటు ప్యానెళ్లున్నాయి.

అందుకే హీట్ పంప్ తీసుకున్నాను. ఏసీ గదిలోని వేడిని తీసి బయట పారేస్తుంది కదా, ఇది బయటి గాలిలోని వేడిని తీసి నీళ్లలో కలుపుతుంది. ఒక యూనిట్ కరెంటుకు నాలుగైదు యూనిట్ల వేడి వస్తుంది. కొనేటప్పుడు మెషిన్ పక్కనున్న ప్లేటు చదవండి. నాది 9 కిలోవాట్లు, అంటే గంటకు 9 యూనిట్ల వేడి ఇస్తుంది (తినే కరెంటు కాదు), అది గాలి 26 డిగ్రీలున్నప్పటి మాట. 15 డిగ్రీల దగ్గర ఆరుకు కాస్త పైన, అంతే. అమ్మేవాళ్లు మొదటి అంకె ఒక్కటే చెబుతారు. మన దగ్గర తెల్లవారుజామున ఎంత చలి ఉన్నా మధ్యాహ్నానికి గాలి బాగా వేడెక్కుతుంది కాబట్టి, పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకే నడుపుతాను. డాబా మీది 3 కిలోవాట్ల సోలార్ కూడా అప్పుడే కరెంటు ఇస్తుంది. మెషిన్‌కు రోజుకు 8 యూనిట్ల దాకా పడుతోంది.

ఇంత మంచి మెషిన్‌ను బిగించిన తీరు మాత్రం నన్ను చాలా బాధపెట్టింది. పేరు రాయను. ఇన్‌స్టాలేషన్‌కు వచ్చినవాళ్లు దాన్ని పంపు గదిలో పెట్టి వెళ్లారు. ఆరడుగుల గది, చిన్న కిటికీ. మూడు రోజులు నడిపినా నీళ్లు రెండు డిగ్రీలే ఎక్కాయి. ఫోన్ చేస్తే "ఇంకో రెండు రోజులు చూడండి సార్" అన్నారు. నాలుగో రోజు థర్మామీటర్ తీసుకెళ్లి గదిలో వేలాడదీశాను. బయట 27 డిగ్రీలు, గదిలో 11. ఫ్యాన్ వదిలే చల్లగాలి బయటికి పోయే దారి లేక మళ్లీ మెషిన్‌లోకే వెళ్తోంది. వెనక రేకుల మీద తెల్లగా మంచు పేరుకుంది. ప్లంబర్‌ను పిలిచి, సొంత ఖర్చుతో మెషిన్‌ను ఆరుబయటికి మార్పించాను. వెనక గోడకు అడుగున్నర ఎడం, ముందర ఎనిమిది అడుగులు ఖాళీ. మర్నాటికే తేడా కనిపించింది.

మార్చిన రెండో రోజు మెషిన్ కింద నీళ్లు కనిపించి మా ఆవిడ "ఏమండీ, ఇదీ కారుతోంది" అని కంగారు పడింది. పూల్ నీళ్లలో, ఆ కింది నీళ్లలో క్లోరిన్ చూసే చుక్కల మందు వేశాం. పూల్ నీళ్లు పసుపుపచ్చగా మారాయి, కిందివి తెల్లగానే ఉన్నాయి. గాలిలోని తేమే అలా నీరై కారుతోంది, లీకేజీ కాదు.

అన్నిటికన్నా ముందు కొనాల్సింది మాత్రం పూల్ కవర్. నేను ఆలస్యంగా కొన్నాను. తెల్లారి నీళ్ల మీద పొగలా ఆవిరి లేచేది, చూడ్డానికి బాగుండేది. ఒక లీటరు నీరు అలా పోతూ యూనిట్‌లో మూడింట రెండు వంతుల వేడిని తనతో తీసుకుపోతుంది. కవర్ లేనప్పుడు రాత్రికి మూడు డిగ్రీలు పడిపోయేది, రోజుకు 15 యూనిట్లు కాలేవి. బుడగల కవర్ పరిచాక ఒకటి, ఒకటింబావు డిగ్రీ తగ్గుతోంది. బుడగలు నీళ్ల వైపు ఉండాలి. కవర్ 16 వేలు, మెషిన్ బిగింపుతో కలిపి లక్షా అరవై వేలు. ఎండాకాలం పగలు కవర్ తీసేయాలి, లేకపోతే మే నెలలో నీళ్లలో దిగలేం.

ఇబ్బందులూ ఉన్నాయి. మా బోరు నీళ్లు గట్టి నీళ్లు. వేడి చేస్తే సున్నం త్వరగా పడుతుంది కాబట్టి వారానికి రెండుసార్లు పీహెచ్ (నీళ్లలో పులుపు, క్షారం ఎంతో చెప్పే అంకె) చూసి 7.2, 7.6 మధ్య ఉంచుతున్నాను. క్లోరిన్ కలిపే పైపు హీట్ పంప్ దాటాకే ఉండాలి, ముందుంటే ఘాటైన క్లోరిన్ లోపలి గొట్టాలను తినేస్తుంది. ఫ్యాన్ చప్పుడు కూలర్ అంత ఉంటుంది, పడకగది కిటికీ కింద పెట్టకండి. సర్వీసు మనిషి హైదరాబాద్ నుంచి రావాలి, ఒకసారి తొమ్మిది రోజులు ఆగాం.

మెషిన్‌కు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. బిగించిన పనికి ఒకటి. కవర్‌కు ఐదుకు ఐదు.

సాయంత్రం నాలుగున్నరకు కవర్ చుట్టి పక్కన పెడతాను. మొదట్లో ఆమె ఆరు చుట్లు నడిచి ఆగేది, ఈ జనవరిలో ముప్పై దాకా నడుస్తోంది. చుట్లు లెక్కపెట్టే పని మనవడిది.