అనంతపురంలో గేమ్ డిజైన్ డిగ్రీలో చేరబోతున్నారా? ఫీజు కట్టకముందే ఇది చదవండి

ఇంటర్ రిజల్ట్స్ రాగానే కాలేజీల నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి, అందుకే ఇప్పుడే రాస్తున్నా. కాలేజీ పేరు రాయను. వాళ్ళతో గొడవ పెట్టుకునే ఓపిక నాకూ లేదు, మా నాయనకూ లేదు.

బ్రోచర్‌లో ఉండేది 'గేమ్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ డిగ్రీ' అని. ఏడాదికి 85,000, దాని మీద సాఫ్ట్‌వేర్ లైసెన్సులకంటూ ఇంకో 18,000. గుత్తి దగ్గర మా పల్లెలో ఆ ఏడు శెనక్కాయలు అమ్మిన డబ్బు మా నాయన కౌంటర్ దగ్గర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చినాడు. "అంకుల్, మీవాడు ఎట్లాగూ ఫోన్‌లో గేములే ఆడుతుంటాడు కదా, రేపు దానికే జీతం ఇస్తారు" అనింది అడ్మిషన్లు చూసే మేడం. మా నాయన నవ్వినాడు, నేనూ నవ్వినా.

ముందు ఆ 18,000 సంగతి చెప్తా, ఎందుకంటే ఇది పచ్చి మోసం. మాకు చూపించిన సాఫ్ట్‌వేర్లలో ఒక్కదానికి కూడా విద్యార్థి డబ్బు కట్టాల్సిన పని లేదు. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఇంజిన్ అంటారు, అట్లాంటి ఇంజిన్ యూనిటీలో పర్సనల్ వెర్షన్ ఉచితం, ఏడాదికి 2 లక్షల డాలర్ల ఆదాయం దాటేదాకా ఎవరూ ఏమీ అడగరు. ఇంకో ఇంజిన్ అన్‌రియల్ 2015 నుంచి ఉచితంగానే దించుకోవచ్చు, మనం అమ్మే గేమ్ 10 లక్షల డాలర్లు దాటినాకే వాళ్ళకు 5 శాతం రాయల్టీ. 3డి బొమ్మలు చేసే బ్లెండర్, ఇంకో ఇంజిన్ గోడో అయితే ఓపెన్ సోర్స్, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇదంతా నాకు రెండో సెమిస్టర్‌లో మా అన్న లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటుంటే తెలిసింది, అప్పటికి రశీదు పెట్టెలోకి పోయి ఏడు నెలలు.

ఇక ల్యాబ్. అన్‌రియల్ 5కి దాన్ని తయారుచేసే ఎపిక్ కంపెనీ వాళ్ళు సిఫారసు చేసేది 32 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ. మా ల్యాబ్‌లో ఉండేవి 4 జీబీ ర్యామ్ సిస్టమ్‌లు, గ్రాఫిక్స్ కార్డు మాటే లేదు. ప్రాజెక్ట్ తెరిస్తే షేడర్లు (తెర మీద రంగులు, వెలుగునీడలు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతున్నాయని ఒక మూల అంకె కనిపిస్తుంది. బయటికి పోయి ఉగ్గాని, బజ్జీ తిని వచ్చినా ఆ అంకె కదిలేది కాదు, ఈలోగా కరెంటు పోతే మళ్ళీ మొదటినుంచి.

చెప్పే సారు నిజానికి మంచి మనిషి. సి లాంగ్వేజ్ చెప్పేవారు, తెచ్చి ఈ సబ్జెక్టు అప్పగించినారు. "నాకూ ఇది కొత్తేరా" అని ఆయనే చెప్పుకున్నారు. యూట్యూబ్ వీడియో ప్రొజెక్టర్‌లో పెట్టేవారు, మధ్యలో యాడ్స్‌తో సహా చూసేవాళ్ళం. ఇంజిన్‌తో పాటు వచ్చే రెడీమేడ్ టెంప్లేట్‌లో గోడల రంగు మార్చి ప్రాజెక్ట్ అని ఇస్తే నాకు 25కి 24 మార్కులు. దాన్ని ఆడి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, సారు కూడా ఆడలేదు! చేసిన గేమ్‌ను తెలియనివాళ్ళ చేతికిచ్చి, నోరు మూసుకుని పక్కన కూర్చుని వాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో చూడటం ఈ చదువులో మొదటివారం పని, మాకు ఏడాదిలో ఒక్కసారి కూడా జరగలేదు.

ఏడాది మొత్తానికి నేను నేర్చుకున్నది ఒక్క గంటలో. బెంగళూరులో పనిచేసే ఒక అన్న ఆదివారం వచ్చి నేల మీద చాక్‌పీస్‌తో పులిజూదం గీసినాడు. మూడు రాళ్ళు పులులు, 15 చింతగింజలు మేకలు. రెండాటలు ఆడించి, మేకల్ని 12 చేయమన్నాడు. పులుల్ని కట్టడానికి మేకలు చాలక ఆట ఏకపక్షం అయిపోయింది. సరే, ఒక పులిని తీసేయండి అన్నాడు. ఈసారి పులులే ఇరుక్కున్నాయి. "ఇదే డిజైన్ అంటే, కంప్యూటర్ తర్వాత సంగతి" అన్నాడు. ఆయన మళ్ళీ రాలేదు, పిలిచినవాళ్ళు లేరు.

అసలు దెబ్బ హాల్ టికెట్ చేతికొచ్చిన రోజు. దాని మీద ఉండేది మామూలు బీఎస్సీ కంప్యూటర్ సైన్స్. గేమ్ డిజైన్ అనేది కాలేజీ సొంతంగా లెటర్‌హెడ్ మీద కొట్టి ఇచ్చే కాగితం అంట. డిగ్రీ ఇచ్చే హక్కు చట్టప్రకారం యూనివర్సిటీలదే, కాబట్టి బ్రోచర్‌లో ఏముందో వదిలేయండి. ఏ యూనివర్సిటీ, డిగ్రీ మీద ఏ పేరు ఉంటుంది అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. పోయిన బ్యాచ్ చేసిన గేమ్ ఒక్కటి ఫోన్‌లో వేసి ఇమ్మనండి, అక్కడే కూర్చుని ఆడండి. నేను అడగలేదు. అడిగుంటే ఆరోజే బస్సెక్కి ఇంటికి పోయేవాళ్ళం.

మానేస్తానంటే మిగతా రెండేళ్ళ ఫీజు కడితేనే టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఇస్తామన్నారు. యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబర్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్స్ కాలేజీ దగ్గర పెట్టుకోకూడదు. అది ప్రింట్ తీసుకుపోయి నేను టేబుల్ మీద పెట్టినా. రెండోరోజుకి సర్టిఫికెట్లు ఇచ్చేసినారు. డబ్బు మాత్రం రాలేదు. అదే నోటిఫికేషన్‌లో అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే దాదాపు మొత్తం, ఆ తేదీ దాటిన 15 రోజుల్లోపు అయితే 80 శాతం, 30 రోజుల్లోపు అయితే సగం వెనక్కి ఇవ్వాలని ఉంది, 30 రోజులు దాటితే సున్నా. నాకు తెలిసేసరికి ఏడాది గడిచింది. ఈ ఏడు చేరి అనుమానం వచ్చినవాళ్ళు ఉంటే ముందు ఆ చివరి తేదీ ఎప్పుడో కనుక్కోండి. సాఫ్ట్‌వేర్ ఫీజు రశీదు ఉన్నవాళ్ళు పారేయకండి, నాతోపాటు ఇంకో నలుగురు కలిస్తే యూజీసీ ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ ఈ-సమాధాన్‌లో ఫిర్యాదు పెడదాం అనుకుంటున్నా.