పొగ పట్టాలి, పొగచూరకూడదు: కెటిల్ గ్రిల్ మూడేళ్ల వాడకం తర్వాత

టెక్సస్‌లో మా పెరట్లో మూడేళ్లుగా ఉన్న 22 అంగుళాల బొగ్గుల కెటిల్ గ్రిల్ (గుండ్రటి గిన్నె, దాని మీద గుండ్రటి మూత ఉండే కాళ్ల పొయ్యి) గురించి ఇది. బర్గర్లు కాల్చడం సంగతి కాదు. మూత పెట్టి, గంటల తరబడి సన్నటి సెగ మీద మాంసానికి పొగ పట్టించడం సంగతి. మేక జబ్బ, కోడి తొడలు, అప్పుడప్పుడు పంది భుజం. కొలతలూ చక్రాలూ పెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. నా ఇష్టమైనా, నా కోపమైనా ఒక్కదాని మీదే: గిన్నె అడుగున ఉన్న గాలి కన్నాలు, వాటిని నడిపే పిడి.

మొదటి ఏడాది ఈ పిడిని ఎంత మెచ్చుకున్నా తక్కువే అనిపించింది. అడుగున మూడు కన్నాలు, వాటి మీద తిరిగే మూడు రెక్కలు, గ్రిల్ కాళ్ల మధ్య నుంచి బయటికొచ్చే ఒకే పిడి. అటూ ఇటూ తిప్పితే బూడిద ఊడ్చుకుపోయి కింది డబ్బాలో పడుతుంది. అదే పిడిని వేలెడంత జరిపితే గాలి తగ్గుతుంది, సెగ దిగుతుంది. గ్యాసు పొయ్యి మంట తగ్గించినంత తేలిగ్గా బొగ్గును 250 ఫారెన్‌హీట్ (121 సెల్సియస్) దగ్గర నిలబెట్టొచ్చు. ఆ మాట ఇప్పటికీ అంటాను. కాకపోతే రెండో ఏడాది నుంచి దానికి కొన్ని షరతులు కలపాల్సి వచ్చింది.

షరతుల ముందు, గాలికి ఇంత ప్రాముఖ్యం ఎందుకో చెప్పాలి. మనకు పొగ పట్టడం వేరు, పొగచూరడం వేరు. కట్టెల పొయ్యి మీద పాలు పెట్టి, పచ్చికట్టె దూర్చి, ఊదకుండా వదిలేస్తే పాలు పొగచూరుతాయి. ఇక ఆ పాలు ఎవరూ తాగరు. గ్రిల్‌లోనూ అదే జరుగుతుంది. గాలి సరిపడా ఉంటే చెక్క నుంచి వచ్చే ఆవిర్లు చాలావరకు కాలిపోయి, మూత కన్నంలోంచి కనీకనపడని నీలిరంగు పొగ సన్నగా వస్తుంది. గాలి చాలకపోతే చెక్క మగ్గుతుంది. తెల్లటి దట్టమైన పొగ వస్తుంది, అందులోని తారులాంటి జిడ్డు మాంసం మీద పేరుకుంటుంది. కొత్తవాళ్లు ఆ తెల్లపొగ చూసి పని బాగా జరుగుతోందని సంతోషపడతారు. నిజానికి అది మాంసం పాడవుతున్న గుర్తు.

ఈ ఆకారం పుట్టుకే గాలితో ముడిపడింది. షికాగోలో వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసిన జార్జ్ స్టీఫెన్ 1952లో, నీళ్ల మీద తేలుతూ ఓడలకు దారి చూపే బోయ్‌ల (buoy) కోసం చేసే రేకు గోళం సగాల నుంచి ఈ గ్రిల్ తయారుచేశాడు. మూత పెడితే నిప్పు ఆరిపోతుంటే కన్నాలు పెట్టాడు, అప్పటి నుంచి అది పనిచేసింది. నా దగ్గరున్నది ఆ కంపెనీది కాదు. అదే నమూనాలో తక్కువ ధరకు వచ్చే రకం. కింద చెప్పే లోపాలన్నీ దానివే.

బొగ్గు పేర్చడానికి కొత్తవాళ్లకు పాము వరస ఒక్కటి వస్తే చాలు. బొగ్గు ఉండే కింది జాలీ అంచు వెంబడి బ్రికెట్లను (బొగ్గుపొడిని అచ్చుపోసిన దిమ్మల్ని) రెండేసి పక్కపక్కన, వాటి మీద మరో రెండేసి పేర్చుకుంటూ పోవాలి. ఎక్కడా తెగకూడదు, ఒక్క బ్రికెట్ ఎడం వచ్చినా నిప్పు అక్కడే ఆగిపోవచ్చు. అర్ధచక్రం దాటి ఇంకో జానెడు పేరిస్తే ఎండాకాలం నాకు ఆరు గంటలు వస్తోంది, జనవరి చలిలో గంట తక్కువ. ఆ వరస మొదటి సగం మీదే కోడిగుడ్డంత చెక్కముక్కలు నాలుగైదు పెట్టాలి, ఎందుకంటే చల్లగా, తడిగా ఉన్నప్పుడే మాంసం పొగను బాగా పట్టుకుంటుంది. ముక్కల్ని నీళ్లలో నానబెట్టొద్దు. నానిన చెక్క ముందు ఆవిరి వదులుతుంది, ఎండాకే పొగ ఇస్తుంది, ఈలోపు నిప్పును చల్లారుస్తుంది. మధ్య ఖాళీలో అల్యూమినియం ట్రే, అందులో రెండు లీటర్ల వేడినీళ్లు. చిమ్నీలో (బొగ్గు రాజేసుకునే రేకు గొట్టంలో) పది పన్నెండు బ్రికెట్లు బూడిద రంగు తిరిగేదాకా రాజేసి వరసకు ఒక చివర ఆనించాలి. మాంసం ట్రేకు సరిగ్గా పైన ఉండాలి. మూత మీది కన్నం పూర్తిగా తెరిచి, నిప్పు ఉన్న వైపుకు ఎదురుగా తిప్పాలి. అప్పుడు పొగ మాంసం మీదుగా బయటికి పోతుంది. కింది కన్నాలు మొదట సగం తెరిచి, లోపలి వేడి 220 ఫారెన్‌హీట్ దాటగానే పెన్సిల్ మందానికి తగ్గించాలి (కింది అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లోనే). 275 దాకా పోయాక కిందికి దించడం చాలా కష్టం, అందుకే ముందే తగ్గించుకోవాలి.

మూతకున్న థర్మామీటర్‌ను నమ్మొద్దు. అది పైన చేరిన వేడిగాలిని చూపిస్తుంది, నిప్పు దాని కిందికి వచ్చినప్పుడు నా దాంట్లో 40 డిగ్రీల దాకా ఎక్కువ చూపిస్తుంది. ఒక వైరు మాంసం పెట్టే పై జాలీకి, ఒక వైరు మాంసంలోకి పెట్టే రెండు ప్రోబ్‌ల థర్మామీటర్ కొనుక్కోండి.

ఇక అసలు సంగతి. రెండు కిలోలు దాటిన మేక జబ్బ, నాలుగో గంట. జాలీ దగ్గర 250 ఉండాల్సిన వేడి 225కి, తర్వాత 210కి, అరగంటలో 190కి దిగిపోయింది. పిడి పూర్తిగా తెరిచినా కదల్లేదు. మూత తీస్తే మాత్రం బొగ్గులు భగ్గుమన్నాయి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది: నిప్పు బాగానే ఉంది, బొగ్గు చాలలేదేమో అనిపించి, రాజుకోని బ్రికెట్లు రెండు గుప్పెళ్లు, ఇంకో చెక్కముక్క వేసి మూత పెట్టేస్తాం. పావుగంటలో మూత కన్నంలోంచి పసుపు కలిసిన తెల్లపొగ, కళ్లు మండించేది. వేడి 240కి వచ్చింది కాబట్టి అంతా సర్దుకుందనిపిస్తుంది. కోసి చూస్తే పైపొర నల్లగా నిగనిగలాడుతూ వేలికి జిడ్డుగా అంటుకుంది. నాలుక మీద పెట్టుకుంటే ముందు చేదు, తర్వాత నాలుక కొస తిమ్మిరి. లోపలి మాంసం ఎముక నుంచి చక్కగా ఊడింది, కానీ రెండు కిలోల్లో పైపొరంతా చెక్కి పారేయాల్సి వచ్చింది.

మూత తీయగానే మంట లేచిందంటే బొగ్గుకు లోటు లేదు, గాలికే లోటు. తర్వాత రోజు గిన్నె బోర్లిస్తే కారణాలు రెండు దొరికాయి.

మొదటిది బూడిద. బ్రికెట్లు కర్రబొగ్గు కంటే చాలా ఎక్కువ బూడిద వదులుతాయి. దాని మీద ట్రేలోంచి ఒలికిన నీళ్లు, కొవ్వు పడితే సున్నం ముద్దలా గట్టిపడుతుంది. మూడు కన్నాల్లో రెండు అలా పూడుకుపోయాయి. రెక్క వాటి మీదుగా జారిపోతోందే గానీ ఆ ముద్దను తోయలేకపోతోంది.

రెండోది నేను ఊహించనిది. రెక్కల్ని పిడికి బిగించి ఉంచే స్క్రూ వేడికీ చల్లారడానికీ వదులై, రెక్కలు పిడి మీద జారుతున్నాయి. బయట పిడి పూర్తిగా తెరిచినట్టు చూపిస్తోంది, లోపల రెక్క పావు వంతే తెరుచుకుంది. బూడిద కింద ఉండటం వల్ల పైనుంచి చూసినా కనపడదు. మొదటి ఏడాది నేను మెచ్చుకున్న సదుపాయమే ఇక్కడ అడ్డం తిరిగింది. ఊడ్చే పనీ గాలి పనీ ఒకే పిడికి అప్పగించడం వల్ల, ఊడ్చిన ప్రతిసారీ గాలి అమరిక చెదురుతుంది, ఊడ్చేటప్పటి బలమంతా ఆ చిన్న స్క్రూ మీదే పడుతుంది.

బాగుచేయడం కష్టం కాదు. ఆ స్క్రూ తీసేసి అదే మందం స్టెయిన్‌లెస్ బోల్టు వేసి, రెండు నట్లు ఒకదాని మీద ఒకటి బిగించాలి. లోపల నైలాన్ రింగు ఉండే నట్లు వాడొద్దు, వేడికి నైలాన్ కరిగి మళ్లీ వదులవుతుంది. తర్వాత ఖాళీ గిన్నెలోకి చూస్తూ పిడిని జరిపి, పూర్తిగా మూసిన చోట, పెన్సిల్ మందం చోట, సగం చోట, పూర్తిగా తెరిచిన చోట గ్రిల్ కాలికి మేకుతో గీతలు గీసుకోవాలి. రంగు గీతలు నిలవవు. నాలుగు నెలలకోసారి ఆ గీతల్ని లోపలి రెక్కలతో సరిచూసుకోవాలి.

వండే రోజున ముందు బూడిదంతా తీసేసి, కన్నాల అంచుల్ని పాత అట్లకాడతో గీకాలి. గంటన్నరకోసారి మూత తీయకుండా పిడిని మెల్లగా ఒకసారి అటు, ఒకసారి ఇటు జరిపి గీత దగ్గరికి తేవాలి. గబగబా ఆడిస్తే బూడిద లేచి మాంసం మీద పడుతుంది. ట్రేలోకి నీళ్లు మూతి పొడుగున్న కెటిల్‌తోనే పోయాలి. మధ్యలో బొగ్గు అవసరమైతే చిమ్నీలో పూర్తిగా రాజేసి వేయండి, పచ్చి బ్రికెట్లు గుప్పెళ్లతో వేయొద్దు. పాము వరసలో అవి ఒక్కొక్కటిగా అంటుకుంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. గుంపుగా వేస్తేనే చెడుపు.

మాంసం గురించి కొంచెం. మొదటిసారి కోడి తొడలతో మొదలుపెట్టండి, తప్పు జరిగినా తక్కువ నష్టం. మనవాళ్లు అలవాటుగా చర్మం తీయించేస్తారు. దీనికి చర్మం ఉండాలి, లేకపోతే పైన తోలులా ఎండిపోతుంది. లోపల 165 (74 సెల్సియస్) వస్తే తినొచ్చు, కానీ తొడలు 180 దగ్గరే మెత్తబడతాయి. మేక జబ్బ కొనేటప్పుడు కొట్టవద్దని ముందే చెప్పాలి. కూర ముక్కలు కొట్టించడం మన అలవాటు కాబట్టి మాట పూర్తయ్యేలోపే రంపం తిరిగిపోతుంది. కిలోకు 15 గ్రాముల ఉప్పు ముందురోజు రాత్రి పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. పెరుగు, అల్లంవెల్లుల్లి ముద్ద మందంగా పూయొద్దు. పొగ ఆ ముద్దకే పడుతుంది, లోపలికి రాదు. పొడి ధనియాలు, మిరియాలు, కారం చాలు. 160 దగ్గర లోపలి వేడి గంటా రెండు గంటలు కదలదు. చెమటతో ఒళ్లు చల్లబడినట్టు, పైన ఆవిరయ్యే నీళ్లు వేడిని లాగేస్తాయి. అప్పుడు కంగారుపడి సెగ పెంచకుండా రెండు పొరల ఫాయిల్‌లో చుట్టేయండి. 200 దగ్గర ప్రోబ్ వెన్నలోకి దిగినట్టు దిగితే తీసేసి ముప్పావుగంట ఆగండి. కోసినప్పుడు అంచున కనపడే గులాబీరంగు ఉడకని మాంసం కాదు, పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ మాంసపు రంగును అలా నిలిపేస్తుంది. వచ్చినవాళ్లకు ముందే చెప్పకపోతే ముక్క పక్కన పెట్టేస్తారు.

చెక్కల్లో మేకకు ఓక్, పెకాన్ బాగుంటాయి. ఇక్కడ దొరికే మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. ఆ బొగ్గు సెగకు మంచిదే గానీ, ఆరు గంటల పొగకు ఘాటెక్కువ. కోడికి ఒక్క ముక్క చాలు. ఈ రాష్ట్రంలో బార్బెక్యూ అంటే బీఫ్ అనే అనుకుంటాం గానీ, బ్రేడీ అనే ఊళ్లో లేబర్ డే వారాంతంలో ఏటా మేక మాంసానికే పోటీ పెడతారు. కాబట్టి మేక జబ్బతో మనం చేసేది ఇక్కడివాళ్లకు వింతేమీ కాదు.

కొనొచ్చా అంటే, మాకు పెరడు ఉంది, నలుగురం, నెలకు రెండుసార్లు వాడతాం, నట్లు బిగించుకునే ఓపిక ఉంది. ఆ లెక్కన మళ్లీ ఇదే ఆకారం కొంటాను, బహుశా బూడిద డబ్బా మూసి ఉండే, పిడి గట్టిగా ఉండే రకం. పదిహేను మందికి వండేవాళ్లకు జాలీ చాలదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే బాల్కనీలో బొగ్గు వెలిగించడానికి చాలాచోట్ల ఒప్పుకోరు, కొనేముందే లీజు చూసుకోండి. వానొచ్చిందని గరాజ్‌లోకి మాత్రం లాగొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు రెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి గిన్నె బోర్లించక్కర్లేదు. వంట అయ్యాక పైనా కిందా కన్నాలు మూసేసి పడుకోండి. పొద్దున్నకు మిగిలిన బ్రికెట్లు నల్లగా, చెక్కుచెదరకుండా ఉంటే మూత పడుతోంది. అంతా తెల్లటి బూడిదై ఉంటే ఎక్కడో గాలి వస్తోంది: ముందు మూత అంచు చూడండి, తర్వాత ఆ స్క్రూ.